అడుగు గిన్నెలో ముద్ద

గిన్నె లోపలికి పోయింది. పోయిందంటే మనిషి ఉన్నట్టే, లేనివాడికి సద్ది ఎందుకు తీసుకుంటారు, భయపడకు, కూర్చో, ఇన్ని నీళ్లు తాగు. ఈ మాటలు ఎంతమంది ఆడవాళ్లకు చెప్పిందో శ్యామలకు గుర్తు లేదు గానీ, ఇవాళ తనకు తాను చెప్పుకుంటే మాత్రం ఒక్కటీ లోపలికి దిగడం లేదు. పోలీస్ స్టేషన్‌కు ఎదురుగా, మూసి ఉన్న పంక్చర్ దుకాణం రేకుల కింద, పాత లారీ టైరు మీద కూర్చుని గేటు వైపే చూస్తోంది. గేటు లోపల పట్టుకొచ్చిన ఇసుక ట్రాక్టర్లు, తుప్పు పట్టిన మోటారు సైకిళ్లు, వాటి సీట్ల మీద ఎండ. ఆ ఎండలోంచే ఇందాక హెడ్ కానిస్టేబుల్ హనుమండ్లు ఆమె క్యారియర్ పట్టుకుని మెట్లెక్కి పోయాడు. ఎక్కేటప్పుడు పైన పిడి పట్టుకోకుండా కింది గిన్నెను అరచేత్తో పట్టుకున్నాడు, కాలలేదు కాబోలు, అంటే అన్నం చల్లారిపోయిందన్నమాట. రాజేశానికి చల్లారిన అన్నం సయించదు, పొద్దుటి అన్నం మధ్యాహ్నం పెడితే కంచం వైపు చూసి పెద్ద నిట్టూర్పు విడుస్తాడు, జమీందారు పుట్టుక మరి. తిననీ, ఒక్క పూట చల్లారింది తింటే ఏం పోయింది? తింటే చాలు. నోట్లోకి పోతే చాలు దేవుడా, ఇంకేమీ అడగను.

నిన్న మాపటివేళ కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు ఎక్కబోతుంటే, మామూలు బట్టల్లో వచ్చిన మనుషులు ఆమె మొగుణ్ని రెక్క పట్టుకుని తెల్ల బండిలో ఎక్కించుకుపోయారు. అక్కడ పల్లీలు అమ్మే ఆమె ఆయన్ను ఎరుగును, ఇంటిదాకా వచ్చి చెప్పింది. "సారు చెప్పు ఊడిపోయిందమ్మా. ఆగున్రి, ఏసుకుంట అంటుండు. ఇనలే" అంది, ఆ చెప్పును కొంగులో చుట్టి తెచ్చింది కూడా. ఒంటి చెప్పు. రెండోది కాలికే ఉందా, దాన్నీ ఎక్కడో విడిచేశాడా, రాత్రంతా శ్యామలకు ఇదే ఆలోచన. ఇంత పెద్ద ఆపదలో ఇంత చిన్న సంగతి పట్టుకుని వేలాడుతున్నానేమిటని సిగ్గు కూడా వేసింది. తెల్లవారగానే లేచి బియ్యం కడిగింది.

రాజేశం హక్కుల సంఘానికి జిల్లా కార్యదర్శి. పేరు వింటే ఏదో పెద్ద ఆఫీసు, తిరిగే కుర్చీ అనుకుంటారు, ఉన్నది మాత్రం రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు గదిలో ఒక చాప. ఎవరి కొడుకును ఎత్తుకుపోయినా, ఏ గూడెంలో పోడు దున్నుకునేవాళ్లను ఫారెస్టు వాళ్లు కొట్టినా, వాళ్ల మనుషులు బస్సు దిగి నేరుగా వచ్చేది ఆ ఇంటికే, చెన్నూరు నుంచి ఒకరు, కాగజ్‌నగర్ నుంచి ఒకరు, వేళాపాళా లేదు. దిగగానే రాజేశం అడిగే మొదటి మాట పేరు కాదు, ఊరు కాదు, "తిన్నరా?" అని. అడగడం ఆయన వంతు, పెట్టడం ఆమె వంతు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని ఆయన మొహం మీదే అనేది. ఆయన నవ్వేవాడు. సంఘం నీది, సంసారం నాది, రెండూ కలపకు అనేది. దానికీ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ నవ్వు గనక గేటు దాటి వస్తే, వస్తే మాత్రం ఏమంటుంది, ముందు తిట్టే తిడుతుంది.

ఆమె ఏం తెలిసి కట్టుకుంది? సిరిసిల్లలో ఆయన మరమగ్గం నడిపేవాడు, ఆమె అదే షెడ్డులో కండెలు చుట్టేది, ఆ చప్పుడులో పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాలి, అందుకే వాళ్లిద్దరి సరసాలు షెడ్డంతటికీ తెలిసేవి. ఒకరోజు పక్క మగ్గం మీది పరశురాములు పనికి రాలేదు. పోలీసు జీపు వచ్చి తీసుకుపోయిందని అందరికీ తెలుసు. నిన్నటిదాకా నా కొడుకు మీ దగ్గరే పని చేసిండని ఒక్క మాట చెప్పు సేటూ అని వాళ్లమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంటే, ఆ పేరు గలవాడు మా షెడ్డులో లేనే లేడన్నాడు సేటు. ఒక్కరూ తల ఎత్తలేదు. రాజేశం మగ్గం ఆపాడు. "గదేంది సేటూ, నా పక్క మగ్గమే గదా. నిన్న ఇద్దరం ఒక్క గ్లాసుల చాయ్ తాగితిమి" అన్నాడు. అంతే, ఆ పూటతో ఆ పని పోయి ఈ పని పట్టుకుంది. శ్యామల ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. పరశురాములు మాత్రం తిరిగొచ్చాడు, కుంటుకుంటూ వచ్చి వీళ్లింట్లోనే అన్నం తిని, కూరలో ఉప్పు తక్కువైంది వదినా అన్నాడు. ఆ మాటకు ఎంత కోపం వచ్చిందో ఆమెకు, వెనక గదిలోకి పోయి ఎంత ఏడ్చిందో. బతికొచ్చి ఉప్పుకు వంక పెట్టే మనిషికి అన్నం పెట్టడం కూడా ఒక భాగ్యమేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నీది తీస్కున్నరు గదా బిడ్డా, నాదెందుకు తీస్కోలే?" పక్కనుంచి ముసలామె చంద్రవ్వ అడిగింది. ఇందాకటినుంచీ అదే మాట. గుడ్డలో కట్టిన గిన్నె ఆమె ఒళ్లోనే ఉంది. పొద్దున శ్యామల ఒకే కుండలో వండి రెండు గిన్నెలు కట్టింది, ఒకటి రాజేశానికి, ఒకటి ఈమె కొడుకు కైలాసానికి. మొదటిది తీసుకున్న చెయ్యే రెండోదాన్ని వెనక్కి నెట్టింది, "అసొంటి పేరు గలోడు ఈడ లేడు" అని.

"అన్ని ఠాణాలల్ల గిదే మాట. మల్ల ఎక్కడ అడగాలె?"

"అడుగుదం. జర ఆగవ్వా."

ఆగక ఏం చేస్తుంది. ఇచ్చోడ దగ్గరి పల్లె ఆమెది. కొడుకు ఆటో నడుపుతాడు. అడవి అంచు గూడేల్లో పోడు చేలకు అడ్డంగా ఫారెస్టు వాళ్లు కందకాలు తవ్వితే, దరఖాస్తు ఇచ్చుకోవడానికి కలెక్టరాఫీసుకు పోతామని గోండులు అడిగారు, కైలాసం ఎక్కించుకుపోయాడు, తెచ్చి దించాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. రెండు రోజుల తర్వాత ఆటో రోడ్డు పక్కన నిలబడి కనిపించింది, లైటు వెలుగుతూనే ఉందట, బ్యాటరీ అయిపోయేదాకా వెలిగి ఆరిపోయిందట. మనిషి లేడు. ముసలామె ఎవరో చెప్తే విని, బస్సెక్కి, రాజేశం ఇల్లు అడుగుతూ వచ్చింది. ఆయన "తిన్నవా అవ్వా?" అన్నాడు. ఆ కైలాసం సంగతి విచారించడానికే నిన్న ఆదిలాబాద్ బస్సు ఎక్కబోయాడు.

నీ కొడుకు కోసమే పోయాడు నా మొగుడు. ఈ మాట శ్యామల నాలుక చివరిదాకా నిన్నటినుంచీ ఎన్నిసార్లు వచ్చిందో. ఈమె రాకపోతే ఆయన బస్టాండుకు పోయేవాడు కాదు, ఈపాటికి ఇంట్లో చాప మీద పడుకుని పేపరు చదువుతూ ఉండేవాడు, చక్కెర మాత్ర వేసుకున్నావా అని ఆమె వంటింట్లోంచి అరిచేది, వేసుకున్నానని అబద్ధమాడేవాడు. ముసలామె కాళ్లకు పగుళ్లు, ఆ పగుళ్లలో ఎర్రమట్టి, ఆ కాళ్లు చూస్తుంటే జాలి కలగడం లేదు, కోపం వస్తోంది. అవును, కోపమే. ఇంతమందికి ఓపిగ్గా వండి పెట్టిన తనలో ఇంత కోపం ఉందని ఎవరికైనా చెప్తే నమ్ముతారా? రాత్రి ఈమెకు అన్నం పెడుతూ గంటెను గిన్నెకేసి కొట్టింది. చంద్రవ్వ ఉలిక్కిపడి కంచం దగ్గరికి లాక్కుంది. అదీ గుర్తొస్తోంది ఇప్పుడు, వద్దన్నా గుర్తొస్తోంది.

పట్టుకున్నవాణ్ని ఒక్క రోజులోగా కోర్టులో చూపించాలి. పట్టుకున్నామని ఒప్పుకుంటేనే కదా చూపించేది, ఒప్పుకోకపోతే ఆ మనిషికి ఏమైనా అడిగేవాడు లేడు. అందుకే సంఘం వాళ్లకు ఈ సద్ది గిన్నె. ఠాణా ఠాణాకు తిరిగి, మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పి గిన్నె ముందుకు చాపాలి. ఎక్కడ తీసుకుంటే అక్కడ ఉన్నట్టు. బొక్కల కూర పెట్టొద్దు, చెంచా పెట్టొద్దు, కాగితంలో ఏదీ చుట్టొద్దు, అడిగితే వాళ్ల ఎదురుగానే ప్రతి గిన్నెలోంచీ ఇంత తిని చూపించాలి. ఇవన్నీ ఆడవాళ్లకు నేర్పేది శ్యామలే, సంఘంలో సభ్యురాలు కాని శ్యామల. కానీ ముద్ద సంగతి మాత్రం ముందు లేదు. అది చెన్నూరు సత్తమ్మ తర్వాత వచ్చింది. సత్తమ్మ గిన్నె తీసుకున్నారు, రోజూ తీసుకున్నారు, రోజూ ఖాళీగా తిరిగి ఇచ్చారు, ఆమె నవ్వుకుంటూ ఇంటికి వచ్చేది. కొడుకు ఆ ఠాణాలో ఒక్క పూట కూడా లేడని, ఆ అన్నం ఎవరెవరో తిన్నారని తెలిసేసరికి అడవిలో ఎక్కడో అంతా అయిపోయింది. "తింటుండు గదా అని రోజుకింత ఎక్కువనే పెట్టిన గదనే శ్యామలా" అంది సత్తమ్మ. ఆ ఒక్క మాటే అంది. ఆ రాత్రి రాజేశం తినలేదు. ఆ తర్వాత జరిగిన ప్రతి మీటింగులోనూ చివర చెప్పడం మొదలుపెట్టాడు, మనలో ఎవరిని తీసుకుపోయినా సరే, ఎంత ఆకలైనా సరే, అడుగు గిన్నెలో ఒక్క ముద్ద పిడిచి వదలండి, కడుపు నిండా తినేవాడు వదలడు, పారబోసేవాడు ముద్ద చెయ్యడు, అది చూస్తే మన వాళ్లకు మనం ఉన్నామని తెలుస్తుంది.

ఫోను మోగింది. వకీలు ఉమారాణి, హైదరాబాదులో హైకోర్టు వరండాలోంచి. చుట్టూ మాటల రొద.

"అక్కా, లంచ్ అయినంక పిటిషన్ జడ్జిగారి ముందర పెడ్తున్న. గిన్నె తీస్కున్నరు గదా?"

"తీస్కున్నరు. ఇంక రాలే."

"సారు పేరు రాసిన. కైలాసం పేరు ఎట్ల రాయాలె, మన దగ్గర ఏం లేదు. ఆ ఠాణాల ఉన్నడని రాస్తే, లేడని చూపెట్టిన్రనుకో, కేసు కొట్టేస్తరు. గప్పుడు వాళ్లకు అడ్డం ఉండదు. ఏమన్న తెలుస్తే చెప్పున్రి, జల్ది."

తెలిస్తే చెప్తాను. ఏం తెలుస్తుంది, టైరు మీద కూర్చున్నదానికి. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, బొగ్గు లారీలు కాబోలు, నల్లటి దుమ్ము పైకి లేచి చంద్రవ్వ గిన్నె గుడ్డ మీద పడుతోంది, ఆమె అరచేత్తో తుడుస్తోంది, మళ్లీ పడుతోంది, మళ్లీ తుడుస్తోంది. లోపల రాజేశం ఏ గదిలో ఉన్నాడో. నేల మీద కూర్చున్నాడా? మోకాళ్లు పట్టేస్తాయి ఆయనకు, లేవాలంటే గోడ పట్టుకోవాలి. కొట్టి ఉండరు, ముసలివాణ్ని ఎందుకు కొడతారు, వయసు చూసి కొడతారా ఏమైనా, కొట్టి ఉండరులే, పేపర్లలో వస్తుందని భయం ఉండదా. మాత్రలు గిన్నెతో పాటు ఇస్తే తీసుకోలేదు. నిన్న బయల్దేరేటప్పుడు ఆయన ఏదో అన్నాడు, తను పొయ్యి దగ్గర ఉండి వినలేదు, ఏమన్నాడో. చొక్కా గుండీ కుట్టమన్నాడేమో. అంతకంటే ఏముంటుంది.

హనుమండ్లు మెట్లు దిగుతున్నాడు. చేతిలో క్యారియర్. శ్యామల లేచి రోడ్డు దాటిపోయింది. ఆయన గేటు దగ్గరే ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. చెడ్డ మనిషి కాడు, అప్పు అడగడానికి వచ్చినవాడిలా ఇబ్బందిగా నిలబడ్డాడు.

"అక్కా, మా సారు చెప్పమన్నడు. పొద్దూకేటాలకు అన్నను ఇంటికి పంపిస్తరట. ఉత్తగ అడుగుడే, ఇంకేం లేదు. లొల్లి చెయ్యొద్దన్నడు. ఆ ముసలామెను మాత్రం బస్సెక్కించి ఊరికి తోలున్రి."

"తిన్నడా?"

"తిన్నడక్కా."

పొద్దూకేసరికి. ఇంకొన్ని గంటలు. మోకాళ్లకు వేడినీళ్లు కాచాలి. ఆమె వెనక్కి వచ్చి టైరు మీద కూర్చుని క్యారియర్ గొళ్లెం ఊడదీసింది. పై గిన్నెలో తొక్కు అయిపోయింది, నడుమ గిన్నెలో పప్పు అడుగంటా లేదు. అడుగు గిన్నె మూత తీసింది. రెండు ముద్దలు ఉన్నాయి.

ఒకటి పసుపు పచ్చగా, పప్పు కలిపి గట్టిగా పిడిచింది. దాని మీద వేళ్ల గుర్తులు, చూపుడు వేలి గుర్తు సగమే ఉంది, ఆ వేలి కొసను మగ్గం తినేసి చాలా కాలమైంది. అది ఆయనది. ఆమె గిన్నెను రెండు చేతులా పట్టుకుంది. ఉన్నాడు. బతికి ఉన్నాడు, ముద్ద పిడిచేటంత ఓపికతో ఉన్నాడు. రెండోది గిన్నెకు అటువైపు ఉంది. తెల్లగా, చిన్నగా, వదులుగా, ఒక పక్క తొక్కు నూనె ఎర్రగా అంటింది, పప్పు చుక్క లేదు, వేళ్ల గుర్తులన్నీ నిండుగా ఉన్నాయి. ఎవరిది? ఇది ఆయన చెయ్యి కాదు. ముద్ద సంగతి ఠాణా వాళ్లకు తెలియదు. లోపల ఇంకొకడు ఎవడో ఉన్నాడు, వాడికి రాజేశం తన గిన్నెలోంచి పెట్టాడు, ఒక ముద్ద వదలమని చెప్పాడు.

"అవ్వా" అంది శ్యామల, గిన్నె మీద మూత పెట్టేసి. "నీ కొడుకు పప్పు తింటడా?"

"తినడు బిడ్డా. చిన్నగున్నప్పుడు అమ్మోరు పోసింది వానికి, అప్పటిసంది పప్పు వాసనొస్తే కక్కుతడు. తొక్కేస్తే చాలు. ఎందుకడుగుతున్నవ్?"

 శ్యామల చెయ్యి మూత మీద అలాగే ఉంది. మూత కింద ఏముందో లోకంలో ఆమె ఒక్కతెకే తెలుసు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఉమకు తెలియదు, ఈ ముసలామెకు తెలియదు, కుక్కకు వేస్తే అయిపోతుంది. పొద్దూకేసరికి ఆయన వస్తాడు, ఒంటి చెప్పుతోనో, ఉత్త కాళ్లతోనో, వచ్చి గోడ పట్టుకుని కూర్చుంటాడు. చెప్తే రాడు. లోపల ఇంకొకడు ఉన్నాడని బయటికి ఎలా వచ్చిందని వాళ్లు మొదట అడిగేది ఆయన్నే, ఎలా అడుగుతారో ఆమెకు తెలుసు, పరశురాములు కాలు చూసింది కదా. ఉపా చట్టం కింద కేసు పెడితే బెయిలు మాట మరిచిపోవాలి, చక్కెర జబ్బు మనిషి, జైల్లో ఎన్నాళ్లు ఉంటాడు? ఆమెకు ఏడుపు వచ్చింది, ఆయన మీద కోపంతో వచ్చింది. ఇంత దుర్మార్గుడా నువ్వు? ఈ రెండో ముద్ద నాకెందుకు పంపించావు? నీదొక్కటే పంపితే నీ సొమ్మేం పోయేది? పక్కవాడికి తినబెట్టి ఊరుకుంటే సరిపోదా, వాడు ఉన్నాడని నాకెందుకు చెప్పాలి? సాయంత్రం వదిలేస్తామని ఆయనకూ చెప్పే ఉంటారు. ఆయనకు తెలుసు. తెలిసే పంపాడు. శ్యామల చూస్తుంది, చూసి కుక్కకు వెయ్యదు అనుకున్నాడు. ఇన్నేళ్లూ సంఘం నీది, సంసారం నాది అని ఆమె ఎంత గొంతు చించుకున్నా ఆయన నవ్వింది ఇందుకేనా? ఏం చూసి నమ్మాడు ఈ మనిషి తనను? నమ్మకపోతే ఎంత బాగుండేది.

ఫోను మళ్లీ మోగుతోంది. చంద్రవ్వ ఆమె మొహం వైపు చూస్తోంది, ఏదో అర్థమైనట్టు, అర్థం చేసుకోవడానికి భయపడుతున్నట్టు. శ్యామల మూత తీసి గిన్నెను ముసలామె ఒళ్లో పెట్టింది. ఫోను ఎత్తింది.

"అక్కా, పిలుస్తున్నరు. ఒక్క పేరేనా?"

"రెండు" అంది.  మళ్లీ అంది, "రెండు పేర్లు రాయి. కైలాసం ఈడనే ఉన్నడు."

"ఎట్ల తెలిసింది?"

"రెండు ముద్దలున్నయి ఉమా."

 ఉమారాణి గబగబా అంది, "ఫోటో తియ్యున్రి అక్కా. గిన్నె అట్లనే ఉంచి ఫోటో తీసి పంపున్రి. గదే మనకు సాక్ష్యం. జల్ది."

శ్యామల పక్కకు తిరిగింది. గిన్నెలో పచ్చటి ముద్ద ఒక్కటే ఉంది. చంద్రవ్వ కళ్లు మూసుకుని కూర్చుంది, బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. నమలడం లేదు. కొడుకు చేతి అన్నాన్ని నోట్లో పెట్టుకుని, నోరు మూసుకుని అట్లాగే ఉంచుకుంది, కళ్లలోంచి మాత్రం నీళ్లు గడ్డం మీదికి దిగుతున్నాయి.

కోపం రావాలి. రాలేదు. వచ్చి ఉంటే ఎంత తిట్టేదో.

"ఫోటో లేదు ఉమా. ముద్ద వాళ్లవ్వ నోట్ల పెట్టుకున్నది."

"అయ్యో, అక్కా! మల్ల కోర్టుల ఏం చెప్పాలె?"

"చూసినామె ఉన్నదని చెప్పు. నా పేరు రాయి. శ్యామల, రాజేశం పెండ్లం. నా కండ్లతోని చూసిననని రాయి, యాడ సంతకం పెట్టుమంటే ఆడ పెడ్త."

గేటు దగ్గర హనుమండ్లు ఇటే చూస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు. రోడ్డుకు అటువైపు వినిపించేంత గట్టిగా, ఇద్దరి పేర్లూ, తండ్రుల పేర్లూ, ఊళ్ల పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది, ఉమ రాసుకుంటూ ఒక్కొక్కటీ తిరిగి పలికింది. చంద్రవ్వ అప్పుడు మింగింది.